సీరియల్ హీరోతో సంబంధం కుదిరింది, బ్యాంకు ఉద్యోగం మానేయమంటున్నారు: ఏం చేయాలి?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. రాజమండ్రిలో ప్రభుత్వ బ్యాంకులో ఆఫీసరుగా పనిచేస్తున్న అమ్మాయికి, హైదరాబాదులో ఉండే టీవీ సీరియల్ హీరోతో సంబంధం కుదిరింది. ఇద్దరూ మాట్లాడుకున్నారు, ఒకరికొకరు నచ్చారు. అబ్బాయి తల్లిగారు మాత్రం పెళ్లయ్యాక ఉద్యోగం మానేయాలంటున్నారు. "సచిన్ భార్య డాక్టరై ఉండి కూడా మానేసింది కదా" అన్నది ఆవిడ మాట. అబ్బాయికి యూట్యూబ్ ఛానెల్ ఉంది, నిశ్చితార్థం నుంచి అన్నీ అందులో పెట్టాలని ఉంది. అమ్మాయి తండ్రికి ఇండస్ట్రీ డబ్బు మీద నమ్మకం లేదు.

నేను హైదరాబాదులో చాలా ఏళ్లుగా ఫ్యామిలీ కోర్టు కేసులు చూస్తున్న లాయర్ని. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, మణికొండల నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లలో సినిమా, టీవీ కుటుంబాలు బాగానే ఉంటాయి. ఎక్కువమంది గొడవ ముదిరాకే వస్తారు. మీరు తాళి కట్టించుకోకముందే అడిగారు, చాలా మంచి పని చేశారమ్మా. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఉద్యోగం మానేయకండి. మిగతా ఏ విషయంలోనైనా మీరు సర్దుకోవచ్చు, ఇందులో మాత్రం వద్దు.

పేరున్న వ్యక్తితో పెళ్లి అనగానే చుట్టుపక్కలవాళ్లు భయపెట్టేది వేరే విషయాలతో. హీరోయిన్లతో తిరుగుతాడేమో, అభిమానులు ఇంటి మీద పడతారేమో అని. అలాంటివి ఉండవని నేననను. కానీ నా దగ్గరికొచ్చిన కేసుల్లో ఎక్కువసార్లు కనిపించింది అది కాదు. పెళ్లయిన రెండు మూడేళ్లకి ఆ ఇంట్లో అందరి పనీ ఆయన పనే అయిపోతుంది. భార్య ఆయన డేట్లు చూస్తుంది, ఆయన ఇన్‌స్టాగ్రామ్ చూస్తుంది, ఆయన అమ్మానాన్నల్ని చూసుకుంటుంది. ఆవిడకంటూ జీతం లేదు, తన పేరుతో పిలిచే సహోద్యోగులు లేరు, పొద్దున తొమ్మిదింటికి ఇంట్లోంచి బయటికెళ్లే పని లేదు. ఏ కాపురంలోనైనా మాటామాటా వస్తుంది. ఆ రోజున ఆవిడ తన మాట చెప్పుకోవడానికి నిలబడే చోటే ఉండదు. చాలా కేసుల్లో ఆ భర్తలు చెడ్డవాళ్లు కూడా కాదు.

ఇక సచిన్ గారి పోలిక. దీనికి జవాబు చెప్పాల్సిందే, ఎందుకంటే పెళ్లిచూపుల్లో ఈ ఉదాహరణ చాలామంది వాడతారు. అంజలి గారు పిల్లల డాక్టరు. సచిన్‌ని 1995 మే 24న పెళ్లి చేసుకున్నారు. ఆయన 2013 నవంబర్ 16న వాంఖడేలో వీడ్కోలు ప్రసంగంలో ఆవిడ గురించి ఏం చెప్పారో ఒకసారి వినండి. డాక్టరుగా ఆవిడ ముందు పెద్ద కెరీర్ ఉందని, పిల్లల గురించి అనుకున్నప్పుడు ఆవిడే చొరవ తీసుకుని, మీరు ఆట చూసుకోండి, ఇల్లు నేను చూసుకుంటానని వెనక్కి తగ్గారని చెప్పారు. తన జీవితంలో అత్యుత్తమ భాగస్వామ్యం ఆవిడతోనే అన్నారు. నిర్ణయం ఎవరిదో చూడండి. పెళ్లి ఖాయం చేసుకోవడానికి అత్తగారింటివాళ్లు పెట్టిన షరతు కాదది. పైగా అదే 1995లో సచిన్‌కి వరల్డ్‌టెల్ సంస్థతో ఐదేళ్లకు సుమారు 30 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. ఆ ఇంట్లో ఒకరు సంపాదన మానేసినా రేపటి గురించి బెంగ లేదు. అంజలి గారి త్యాగాన్ని నేను తక్కువ చేయడం లేదు, ఆవిడంటే నాకెంతో గౌరవం. కానీ ఆ పోలికతో మిమ్మల్ని రాజీనామా చేయమనడం న్యాయం కాదు.

ఎందుకంటే సీరియల్ ఆదాయం ఎలా వస్తుందో మీ ఇంట్లో అందరికీ తెలియాలి. చాలామంది ఆర్టిస్టులకి నెలజీతం ఉండదు. రోజుకి ఇంత అని మాట్లాడుకుంటారు, నెలలో ఎన్ని రోజులు షూటింగ్ ఉంటే అన్ని రోజుల డబ్బే. అది కూడా పని చేసిన నెలలోనే చేతికి వస్తుందన్న నమ్మకం లేదు, కొన్ని నెలలు ఆలస్యం కావడం మామూలే. ప్రతి గురువారం వచ్చే రేటింగుల మీద ఊపిరి బిగబట్టుకుని బతికే పరిశ్రమ అది. రేటింగ్ పడిపోతే సీరియల్ టైమ్ స్లాట్ మారుస్తారు, తర్వాత ఆపేస్తారు. ఒక్కోసారి సీరియల్ నడుస్తూనే ఉంటుంది, పాత్రలోకి వేరే నటుడు వస్తాడు. సంక్రాంతి, ఉగాది స్పెషల్ ప్రోగ్రాములు, షాపుల ప్రారంభోత్సవాలు, యూట్యూబ్, ఇవన్నీ పైన వచ్చే డబ్బు. ముఖం రోజూ టీవీలో కనిపిస్తున్నంత కాలమే ఇవీ వస్తాయి.

మీ నాన్నగారికి ఒక మాట. ఆ పరిశ్రమలో ఉన్నవాళ్లు తేలిగ్గా డబ్బు సంపాదిస్తున్నారని అనుకోవద్దండి. పొద్దున్నే మేకప్ వేసుకుని రాత్రి తొమ్మిది దాటాక ఇల్లు చేరతారు. ఒంట్లో బాగోలేకపోయినా సెలవు పెట్టలేరు, ఆ రోజు ఎపిసోడ్ ఆగిపోతుంది. కష్టపడే మనుషులు వాళ్లు. నమ్మకం లేనిది ఆ ఆదాయానికే గానీ మనుషులకి కాదు.

ఒక సీరియల్ అయిపోయి ఇంకొకటి దొరికేలోపు ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. ఆ ఖాళీలో నటుడు ఇంట్లో కూర్చుంటే పడే టెన్షన్ మామూలుది కాదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడతాడు, మోగకపోతే కుంగిపోతాడు. అప్పుడు ఇంటి ఈఎంఐ కట్టేది, అత్తగారి బీపీ మందులు కొనేది మీ జీతం. అంతకంటే ముఖ్యం, మీ జీతం ఉంటే ఆయన నచ్చని పాత్రకి వద్దని చెప్పగలరు. నాకు తెలిసిన ఒక ఆర్టిస్టు భార్య స్కూల్లో టీచరు. ఆయన రెండు చెత్త సీరియళ్లు వదులుకుని మంచి పాత్ర కోసం ఆగగలిగింది ఆవిడ ఉద్యోగం వల్లే అని ఆయనే నాతో చెప్పారు. మీ అత్తగారికి ఈ కోణంలో చెప్పించండి. కోడలి ఉద్యోగం కొడుకు కెరీర్‌కి అడ్డం కాదని, ఆసరా అని అర్థమైతే సగం పట్టు సడలుతుంది.

అయితే ఒక చిక్కు ఉంది. మీరు రాజమండ్రిలో, ఆయన హైదరాబాదులో. ఇలాంటి పెళ్లిళ్లలో ఎవరి పని నిలుస్తుందన్నది చాలావరకు కాపురం ఎక్కడ పెడతారన్న దాని మీదే ఆధారపడుతుంది. మాధురీ దీక్షిత్ గారి జీవితం చూడండి. 1999 అక్టోబరులో అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేసే డాక్టర్ శ్రీరామ్ నేనే గారిని పెళ్లి చేసుకున్నారు. డెన్వర్‌లో కాపురం. అక్కడున్నన్నాళ్లూ ఆసుపత్రి వేళల ప్రకారమే ఇల్లు నడిచింది, దేశమంతా ఎరిగిన తార మామూలు గృహిణిలా పిల్లల్ని పెంచుకున్నారు. 2011లో కుటుంబం ముంబై వచ్చేసింది. అప్పుడు అమెరికాలో ప్రాక్టీసు వదులుకున్నది ఆయన. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు మారారు కాబట్టి అది నిలబడింది. ఇద్దరి పనీ ఒకే ఊళ్లో సమానంగా సాగిన కాలం మాత్రం తక్కువే.

జపాన్‌లో జరిగిన ఒక పెళ్లి కూడా ఈ విషయంలో నాకెప్పుడూ గుర్తొస్తుంది. అప్పటి చక్రవర్తి అకిహితో కూతురు సయాకో 2005 నవంబర్ 15న టోక్యో మహానగర ప్రభుత్వంలో పనిచేసే కురోడా అనే ఉద్యోగిని పెళ్లి చేసుకుంది. అక్కడి చట్టం ప్రకారం రాజకుమారి మామూలు వ్యక్తిని చేసుకుంటే రాజహోదా పోతుంది. ఆవిడ పెళ్లికి ముందే కారు నడపడం నేర్చుకుంది. ఆయన తన ప్రభుత్వ ఉద్యోగం చేసుకుంటూనే ఉన్నాడు. పేరున్న మనిషి మామూలు జీవితంలోకి నడిచి రావడం కూడా సాధ్యమేనని చెప్పడానికి ఇది రాశాను. ఎప్పుడూ మామూలు మనిషే అటు వెళ్లాలని రూలేం లేదు.

మీ విషయంలో హైదరాబాదు రావడం తప్పదు, ఆయన పని అక్కడే ఉంది. కాబట్టి రాజీనామా మాట పక్కన పెట్టి బదిలీ మాట ఎత్తండి. పెళ్లైన మహిళా ఉద్యోగుల్ని వీలైనంతవరకు భర్త ఉన్న ఊళ్లో గానీ దానికి దగ్గర్లో గానీ వేయాలని కేంద్ర ఆర్థిక శాఖ 2014లో ప్రభుత్వ బ్యాంకులకు సూచించింది. భర్త ప్రభుత్వ ఉద్యోగి కాకపోయినా మీరు అడగొచ్చు. రాష్ట్రం మారుతుంది కాబట్టి జోన్ కూడా మారుతుంది, సీనియారిటీ మీద ఏమైనా ప్రభావం ఉంటుందేమో మీ యూనియన్ వాళ్లని ముందే అడగండి. వెంటనే రాకపోవచ్చు. కొన్నాళ్లు వారాంతాల్లో రైలెక్కి వెళ్లాల్సి రావచ్చు. అది కష్టమే, కానీ తాత్కాలికం. రాజీనామా ఇచ్చాక మళ్లీ ఆ కుర్చీ రాదు. ఒకవేళ ఇంట్లో మరీ అవసరమైతే జీతం లేని సెలవు, దీర్ఘకాలిక సెలవు లాంటివి మీ బ్యాంకు నిబంధనల్లో ఏమున్నాయో చూసుకోండి. స్టాఫ్ రేటుకి తీసుకున్న ఇంటి లోన్ లాంటిది ఉంటే, ఉద్యోగం మానేసిన రోజున దాని వడ్డీ ఏమవుతుందో కూడా లెక్క వేసి ఆయనకు చూపించండి.

ఇప్పుడు యూట్యూబ్. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈమధ్య నా దగ్గరికొచ్చే గొడవల్లో సగానికి మూలం కెమెరాయే.

ముందు మీ ఉద్యోగం వైపు నుంచి. ప్రభుత్వ బ్యాంకు ఆఫీసర్లకి కండక్ట్ రెగ్యులేషన్స్ ఉంటాయని మీకు తెలుసు. అనుమతి లేకుండా వేరే వ్యాపారం చేయకూడదు, వేరే చోట ఉద్యోగం చేయకూడదు. భర్త ఛానెల్‌లో పెళ్లి వీడియోలో కనిపించడం ఒకటి. చీరల షాపువాడు డబ్బిచ్చి చేయించుకున్న ప్రమోషన్‌లో మీరు కూర్చుని ఆ చీరల్ని పొగడటం ఇంకొకటి. రెండోది మీ మెడకు చుట్టుకుంటుంది. పేరున్నవాళ్లింటి కోడలి మీద ఆకాశరామన్న ఉత్తరాలు రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ఒక్క ఉత్తరం విజిలెన్స్‌కి వెళ్తే ఎంక్వైరీ అని నెలల తరబడి మనశ్శాంతి ఉండదు. అందుకే ఛానెల్ ఆదాయం మీ అకౌంట్లోకి రాకూడదు, డబ్బు తీసుకున్న వీడియోల్లో మీరు ఉండకూడదు, సందేహం ఉన్న ప్రతి విషయం మీ పర్సనెల్ (సిబ్బంది) డిపార్ట్‌మెంట్‌కి రాతపూర్వకంగా పెట్టి అనుమతి తీసుకోండి. బ్యాంకులో మీరు కూర్చునే చోట వీడియో తీయడం అసలు వద్దు. ఆయన అకౌంట్లు మీ బ్రాంచిలో పెట్టించకండి, ఆయన లోన్ ఫైలు మీ టేబుల్ మీదికి రానివ్వకండి.

ఇక మనసు వైపు నుంచి. నా క్లయింట్ ఒకామె ఉంది, భర్త టీవీ నటుడు. ఆమె గర్భవతి అయిన సంగతి మూడో నెల నిండకముందే ఛానెల్‌లో పెట్టారు. వీడియోకి లక్షల వ్యూస్ వచ్చాయి. తర్వాత గర్భం నిలవలేదు. ఆ దుఃఖంలో ఉన్న మనిషి, కూరగాయల బండి దగ్గర నిలబడితే ముక్కూమొహం తెలియనివాళ్లు "ఎన్నో నెల అమ్మా" అని అడిగేవాళ్లు. చివరికి అది కూడా ఒక వీడియో చేసి చెప్పాల్సి వచ్చింది. ఆ వీడియో చేయనని ఆమె అన్న రాత్రి మొదలైన గొడవ, నా ఆఫీసు దాకా వచ్చింది. ఆ భర్త కర్కోటకుడు కాదు. ఇంట్లో జరిగే ప్రతిదీ కంటెంటుగా చూడటం అలవాటైపోయింది, అంతే. అలవాటు కాకముందే గీత గీసుకోవాలి.

ఆ గీత ఎక్కడ గీయాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. పెళ్లి, పండగలు, ప్రయాణాలు పెట్టుకోవచ్చు, నాకేం అభ్యంతరం కనిపించదు. పడకగది, ఆసుపత్రి, గర్భం, మీ పుట్టింట్లో అమ్మానాన్నలు, పుట్టబోయే పిల్లల ముఖాలు, ఇద్దరి మధ్య అలకలు మాత్రం కెమెరా ముందుకు రాకూడదని నేనైతే అంటాను. మీరున్న ఏ వీడియో అయినా మీరు చూసి సరే అన్నాకే అప్‌లోడ్ కావాలి. మీరు తీసేయమంటే వ్యూస్ ఎన్ని ఉన్నా తీసేయాలి. నిశ్చితార్థం వీడియోనే దీనికి మొదటి పరీక్షగా పెట్టుకోండి. మీరు ఒక ముక్క తీసేయమన్నప్పుడు ఆయన ముఖం చూస్తే మీకే అర్థమవుతుంది.

కామెంట్ల గురించి కూడా సిద్ధంగా ఉండండి. సీరియల్‌లో ఆయన పక్కన నటించే అమ్మాయితో ఆయన్ని జోడీగా చూసి మురిసిపోయే అభిమానులు ఉంటారు. మీ పెళ్లి ఫొటో పడగానే "ఈవిడా?" అని రాస్తారు. రంగు, లావు, పొట్టి, అన్నీ వస్తాయి. ఆ సహనటి మీద కోపం పెంచుకోకండి, ఆ అమ్మాయి కూడా ఇవే తిట్లు తింటుంది. ఫోన్‌లో అవన్నీ చదువుతూ కూర్చోవద్దు. కానీ బెదిరింపులు, మార్ఫింగ్ ఫొటోలు, మీ బ్రాంచి అడ్రసు బయటపెట్టడం లాంటివి జరిగితే స్క్రీన్‌షాట్లు దాచి సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి, హైదరాబాదులో షీ టీమ్స్ కూడా ఉన్నాయి. అలాంటప్పుడు ఆయన మీ తరఫున బహిరంగంగా ఒక్క మాట మాట్లాడాలి. "ఇండస్ట్రీలో ఇవన్నీ మామూలే" అని వదిలేస్తే కామెంట్లకన్నా ఆ మాటే ఎక్కువ బాధపెడుతుంది.

డబ్బు సంగతి మీ నాన్నగారు అడగడంలో తప్పేమీ లేదు. మీ బ్యాంకులో లోన్ అడిగినవాళ్ల దగ్గర ఏం చూస్తారో అవే ఇక్కడా చూడండి. మూడేళ్ల ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు, 26ఏఎస్ స్టేట్‌మెంట్, ఇప్పుడున్న అప్పుల జాబితా. ఆర్టిస్టులకిచ్చే ఫీజులో టీడీఎస్ కోస్తారు కాబట్టి ఏ సంస్థ ఎంతిచ్చిందో 26ఏఎస్‌లో కనపడుతుంది. ఆయన కూడా మీ వివరాలు అడగొచ్చు, మీరూ చూపించండి. ఇద్దరూ బల్ల మీద కాగితాలు పెట్టుకుంటే అది అవమానం కాదు. కట్నం ఊసెత్తకుండా ఈ కాగితాలు అడిగే తండ్రిని నేను గౌరవిస్తాను.

పెళ్లయ్యాక ఒక ప్రమాదం ఉంది, ఇది గట్టిగా చెప్తున్నాను. సొంతంగా సీరియల్ తీద్దాం, చిన్న సినిమాకి భాగస్వామిగా చేరదాం అని నటులకి ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది. నటుడి ఆదాయం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి అప్పిచ్చేవాళ్లు భార్య జీతం స్లిప్పు అడుగుతారు. హామీ సంతకం పెట్టకండి. కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీదారుకీ అంతే బాధ్యత. సినిమా విడుదల కాకపోయినా బాకీ నోటీసు మీకొస్తుంది. ప్రేమతో పెట్టిన ఒక్క సంతకం కారణంగా పుట్టింటి నగలు అమ్ముకున్న ఆడవాళ్లని నేను చూశాను. ఇల్లు కొనడానికి ఇద్దరూ కలిసి తీసుకునే లోన్ వేరు, అందులో ఇంటి మీద మీ పేరు కూడా ఉంటుంది.

ఆయన నిజంగా మీ భద్రత కోరుకుంటే చేయగలిగిన పని ఒకటుంది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద ఆయన తన ప్రాణం మీద జీవిత బీమా తీసుకోవచ్చు. భార్యాపిల్లల కోసం అని పాలసీ తీసుకునేటప్పుడే అందుకు వేరే ఫారం నింపాలి. అలా తీసుకున్న పాలసీ డబ్బు భార్యాపిల్లలదే అవుతుంది, మామూలుగా ఆయన అప్పులవాళ్లు దాన్ని జప్తు చేయలేరు. తర్వాత ఆయన మనసు మార్చుకుని వెనక్కి తీసుకోలేరు కూడా. ఆదాయం నిలకడ లేని వృత్తిలో ఉన్న ప్రతి మగవాడికీ నేనిదే చెప్తాను. చాలామంది ఏజెంట్లు దీని గురించి వాళ్లంతట వాళ్లు చెప్పరు.

పెళ్లికి ముందే ఇవన్నీ ఒప్పందంగా రాసుకుంటే కోర్టులో చెల్లుతుందా అని మీకు అనిపించి ఉంటుంది. మన దగ్గర హిందూ వివాహాల్లో అలాంటి ముందస్తు ఒప్పందాలని కోర్టులు సాధారణంగా అమలు చేయవు. అయినా ఒక కాగితం మీద రాసుకోండి. రాసేటప్పుడే ఎవరికి ఏ విషయంలో ఇబ్బందో బయటపడుతుంది. అందుకోసమైనా ఆ గంటసేపు కూర్చోవాలి.

మీ అత్తగారికి జవాబు మీరు చెప్పకండి, ఆయన చెప్పాలి. "అమ్మా, తను ఉద్యోగం చేస్తుంది, బదిలీ పెట్టుకుని ఇక్కడికే వస్తుంది" అని మీ రెండు కుటుంబాల ముందు ఒక్కసారి అనమనండి. అన్నారంటే మీరు ధైర్యంగా ముందుకెళ్లొచ్చు, ఆవిడ మొదట్లో మూతి ముడుచుకున్నా నెమ్మదిగా సర్దుకుంటారు. "ఇప్పటికి సరేనని చెప్పు, పెళ్లయ్యాక అమ్మకి నేను నచ్చజెప్తాను" అన్నారంటే మాత్రం ముహూర్తం పెట్టించకండి. ముందు చెప్పలేని మాట తర్వాత చెప్పిన కొడుకుని నేను చాలా అరుదుగా చూశాను. ఇందులో మీరు మొండిగా ఉన్నారని ఎవరన్నా అనుకుంటే అనుకోనివ్వండి.

అంతా సవ్యంగా కుదిరితే, పెళ్లి కాగానే హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయించండి. షూటింగ్ డేట్లు ఉన్నాయని వాయిదా వేస్తారు, వెయ్యనివ్వకండి. ఆ సర్టిఫికెట్ కాపీ, ఆయన హైదరాబాదు అడ్రసు ప్రూఫ్ జతచేసి బదిలీ దరఖాస్తు పెట్టండి, చేతికి రసీదు తీసుకోండి. మీ బ్యాంకులో బదిలీల జాబితా ఏ నెలలో వేస్తారో అడిగి, దానికి ముందే అది జోనల్ ఆఫీసుకి చేరేలా చూసుకోండి.